తలంటు: పులికాట్ తీరంలో, తిరుపతి–చిత్తూరు సీమలో కేశసంరక్షణ చరిత్ర

తలంటు అంటే తలకు నూనె పట్టించి, బాగా మర్దన చేసి, కుంకుడు రసంతోనో సీకాయ పిండితోనో ఆ జిడ్డు వదలగొట్టి, వేడినీళ్ళతో స్నానం చేయడం. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో దీన్నే తలకు పోసుకోవడం అంటారు. ఇక్కడి కేశసంరక్షణ చరిత్రను అడవిలో దొరికే కాయలు, తిరుమల మొక్కు, 1980ల నుంచి వ్యాపించిన షాంపూ ప్యాకెట్లు మలుపు తిప్పాయి. వీటన్నిటికీ వెనక నిలబడి, ఏ వస్తువు ఈ నేలలో పనికొస్తుందో తేల్చింది మాత్రం నీరు. జుట్టు గురించి రాసేటప్పుడు నూనెలకూ మూలికలకూ దక్కినంత చోటు నీటికి దక్కలేదు. ఈ ప్రాంతం విషయంలో అది పెద్ద లోటు.

నేల, నీరు

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికి ప్రళయకావేరి అన్న పేరు కూడా ఉంది. పులికాట్ ఊరు తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నా, సరస్సులో ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలోని తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాలను ఆనుకొని ఉంది. కాళంగి, ఆరణి నదులు ఇందులో కలుస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది, ఎండాకాలంలో బాగా పెరుగుతుంది. ఒడ్డునున్న పల్లెల్లో చాలా బావుల నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. పడమటికి వెళితే చిత్తూరు మెట్టలో సమస్య మరో రకం. అక్కడ రాతిపొరల్లోంచి వచ్చే బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ.

సబ్బులో ఉండే కొవ్వు ఆమ్లాల లవణాలు ఈ కాల్షియం, మెగ్నీషియంతో కలిసి నీటిలో కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. నురుగు రాదు, ఆ మడ్డి వెంట్రుకలకు అంటుకుని జుట్టు బిరుసెక్కుతుంది. ఉప్పునీళ్ళలోనూ మామూలు సబ్బు సరిగా నురగదు. కుంకుడులోని సపోనిన్లకు ఈ ఇబ్బంది లేదు. అవి కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు కాబట్టి చవిటినీళ్ళలోనూ నురుగునిస్తాయి. సబ్బు వచ్చి నూరేళ్ళు దాటినా ఈ సీమలో కుంకుడును తలమీది నుంచి దించలేకపోవడానికి ఆచారంతో పాటు ఈ రసాయన కారణం కూడా ఉంది.

కాయలు, నూనెలు, ఆకులు

దక్షిణాది కుంకుడుకు శాస్త్రీయనామం సాపిండస్ ఎమార్జినేటస్. తూర్పు కనుమల ఎండు అడవుల్లో, పల్లె పొలిమేరల్లో పెరుగుతుంది. సపోనిన్లు కాయ గుజ్జులోనూ తొక్కలోనూ ఉంటాయి. నల్లటి గట్టి గింజ నురుగుకు పనికిరాదు. అందుకే కాయలు కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టుకుంటారు. కంటిలో పడితే మంట పుడుతుంది కనుక పిల్లలకు పోసేటప్పుడు నుదుటిమీద చెయ్యి అడ్డంపెట్టడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఇదే రసంతో పట్టుచీరలు ఉతకడం, బంగారు నగలు తోమడం కూడా ఉంది. చాకళ్ళు నూలు బట్టల మురికి వదలగొట్టడానికి క్షారగుణం గల చౌడు మట్టి వాడారు. జుట్టుకు, పట్టుకు మాత్రం కుంకుడే. రెండూ ప్రొటీన్ పోగులు, క్షారం తగిలితే దెబ్బతింటాయి. రసాయన శాస్త్రం తర్వాత చెప్పిన ఈ తేడాను జనం అనుభవంతో ముందే పాటించారు.

సీకాయ ముళ్ళతో పాకే తీగజాతి చెట్టు కాయ. నురుగు తక్కువ, కొంచెం ఆమ్లగుణం ఎక్కువ, చిక్కు తేలిగ్గా వస్తుంది. ఎండబెట్టిన సీకాయలో మెంతులు, పెసలు, ఎండిన మందారాకు కలిపి మిషన్లో పట్టించుకోవడం వాడుక. ఆ ఘాటు మిగతా పిండికి అంటకుండా కొన్ని చోట్ల దీనికి వేరే మర ఉంటుంది.

తల నూనెల్లో పాతవి నువ్వులనూనె, ఆముదం. కొబ్బరినూనె వాడకం ఆ తర్వాత ఊపందుకుంది. గుంటగలగరాకు, ఉసిరి, కరివేపాకు, గోరింటాకు, మెంతులు నూనెలో కాచి దాచుకోవడం ఆయుర్వేదం నుంచి వంటింటికి చేరిన పద్ధతి. రోజూ తలకు నూనె రాసుకుంటే జుట్టు రాలదని, త్వరగా నెరవదని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. తలంటు తర్వాత తడి ఆరడానికి, వాసనకు సాంబ్రాణి పొగ పట్టేవారు. పేలకు సన్నపళ్ళ పేలదువ్వెనే మందు.

అడవి సరుకును ఊళ్ళకు తెచ్చిన వాళ్ళలో గిరిజనులైన యానాదులను ముందు చెప్పుకోవాలి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట 1835లో బ్రిటిష్ ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి యానాదులు తేనె, మైనం, మందు వేర్లు, కాయలు సేకరించి ఇస్తూ బతికారు. ఏ కాయ ఏ నెలలో కోయాలో, ఏ వేరు దేనికి పనికొస్తుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నాక వారు అక్కడి నుంచి తరలిపోవలసి వచ్చింది. ఆ అడవితో ముడిపడిన జ్ఞానానికి జరిగిన నష్టం పుస్తకాలకు ఎక్కలేదు.

విజయనగర కాలం, తలంటు ఆచారాలు

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసి రాసిన వివరాల్లో కృష్ణదేవరాయల దినచర్య ఉంది. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటినిండా అదే నూనె పట్టించుకుని, చెమటతో నూనెంతా బయటికి వచ్చేదాకా సాముచేసి, ఆ తర్వాత స్నానం చేసేవాడని పేస్ రాశాడు. అభ్యంగన స్నానాన్ని రాజు కూడా పాటించాడనడానికి ఇది గట్టి సాక్ష్యం. అదే శతాబ్దానికి చెందిన లేపాక్షి గోడచిత్రాల్లో స్త్రీల కొప్పులు, జడలు, పూలముడులు ఎన్ని రకాలో చూడవచ్చు.

తిరుమల ఆలయంలో మూలవిరాట్టుకు శుక్రవారం అభిషేకం జరుగుతుంది, తర్వాత పునుగు తైలం పూస్తారు. ఇళ్ళలో ఆడవాళ్ళ తలంటుకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం అన్న వాడుక ఉంది. ఉగాది, నరకచతుర్దశి తలంట్లు అందరికీ తప్పనిసరి. పెళ్ళిలో నలుగు, పురిటిస్నానం, పసిబిడ్డకు రోజూ పోసే స్నానం కూడా ఈ కోవలోవే. బిడ్డకు నూనె అంటి పోయడంలో నేర్పరులైన మంగలి ఇళ్ళ స్త్రీలు మంత్రసానులుగా చేసిన సేవ ఈ చరిత్రలో మరువరానిది.

తలనీలాలు

జుట్టును పెంచడం ఎంత ముఖ్యమో, దాన్ని స్వామికి ఇవ్వడం ఈ ప్రాంతంలో అంత ముఖ్యం. తిరుమలలో సమర్పించే వెంట్రుకలను తలనీలాలు అంటారు. దెబ్బ తగిలి స్వామి తలమీద జుట్టు పోయిన చోట గంధర్వ కన్య నీలాదేవి తన కురులు కోసి అతికించిందని స్థలకథ. ఏడుకొండల్లో నీలాద్రి ఆమె పేరుమీదే ఉంది. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడం, గండం గడిస్తే గుండు చేయించడం, ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇవ్వడం ఇక్కడి మొక్కులు. గుండు తర్వాత తలకు గంధం పూస్తారు.

1944లో ఘాట్ రోడ్డు తెరుచుకున్నాక కొండకు వచ్చేవారు పెరిగారు, తలనీలాలు తీసే కల్యాణకట్ట పని కూడా దాంతోపాటే పెరిగింది. ఇప్పుడు మామూలు రోజుల్లోనే ఇరవై వేలమందికి పైగా తలనీలాలు సమర్పిస్తున్నారు. క్షురకులు ఎక్కువగా నాయీబ్రాహ్మణులు. తర్వాతి కాలంలో మహిళా క్షురకులూ చేరారు.

ఈ వెంట్రుకలను పొడవును బట్టి వేరుచేసి, తెల్లవాటిని విడిగా ఉంచి, తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది. 2010ల నుంచి ఈ వేలం ఆన్‌లైన్లో సాగుతోంది. ఇక్కడి జుట్టు విగ్గులుగా ప్రపంచమంతా తిరుగుతుందన్న సంగతి 2004 మేలో పెద్ద వార్త అయింది. విగ్రహారాధనతో ముడిపడిన జుట్టు వాడరాదని ఇజ్రాయెల్‌లోని యూదు మతపెద్ద ఒకరు తీర్పు చెప్పడంతో జెరూసలేం నుంచి న్యూయార్క్ దాకా సంప్రదాయ యూదు స్త్రీలు భారతీయ వెంట్రుకల విగ్గులను తగలబెట్టారు.

సవరం, చిక్కువెంట్రుకలు

జడ పొడుగు చూపడానికి పెట్టుకునే సవరం పాత అలంకారమే. దువ్వెనలో రాలిన వెంట్రుకలను ఉండచుట్టి గోడసందులో దాచి, వీధిలోకి వచ్చిన వ్యాపారికిచ్చి పిన్నీసులు, స్టీలు గిన్నెలు తీసుకోవడం నిన్నమొన్నటి దాకా పల్లెల్లో అందరూ చూసినదే. ఆ చిక్కువెంట్రుకలను చేత్తో విడదీసి, దువ్వి, కట్టలు కట్టే పని వేలమంది ఆడవాళ్ళకు కూడు పెడుతోంది. ఆంధ్రలో ఏలూరు ఈ పరిశ్రమకు పేరుపడింది. ముడి వెంట్రుకలు దొంగదారిన సరిహద్దులు దాటి, ఇక్కడి పని పోతోందన్న ఆందోళనతో కేంద్రప్రభుత్వం 2022 జనవరిలో వాటి ఎగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది.

సబ్బు, షాంపూ, ప్యాకెట్

లైఫ్‌బాయ్ వంటి సబ్బులు 19వ శతాబ్దం చివర్లోనే భారతదేశానికి వచ్చాయి. ఒంటికి సబ్బు త్వరగా కుదురుకుంది, తలకు కుదరలేదు. బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ 1903లో పొడి షాంపూ తెచ్చాడు, ఆయన కంపెనీ 1927లో ద్రవ షాంపూ తెచ్చింది. అసలు మార్పు 1934లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తెచ్చిన డ్రీన్‌తో వచ్చింది. అందులో సబ్బు బదులు కృత్రిమ డిటర్జెంట్ ఉంది కాబట్టి చవిటినీళ్ళలో మడ్డి కట్టలేదు. భారత్‌లో సన్‌సిల్క్ 1964లో వచ్చింది. సీసా ధర చూసి పల్లెలు మాత్రం దూరంగానే ఉండిపోయాయి.

ఆ దూరాన్ని చెరిపింది పొరుగు తమిళనాడులోని కడలూరు. అక్కడి చిన్నికృష్ణన్ వస్తువులను చిన్న ప్యాకెట్లలో అమ్మాలని తపించాడు. ఆయన కుటుంబం వెల్వెట్ షాంపూను ప్యాకెట్లలో తెచ్చింది. కొడుకుల్లో ఒకరైన సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో విడిగా చిక్ షాంపూ మొదలుపెట్టాడు. ఊరూరా తిరిగి బడిపిల్లల తలకు పెట్టి చూపించడం, ఖాళీ ప్యాకెట్లు తెస్తే కొత్తది ఉచితంగా ఇవ్వడం అతని పద్ధతులు. 1990ల చివర్లో ప్యాకెట్ అర్ధరూపాయికి వచ్చింది. తమిళనాడును ఆనుకొని ఉన్న చిత్తూరు, సూళ్ళూరుపేట వైపు చిల్లర అంగళ్ళలో ప్యాకెట్ల తోరణాలు వేలాడాయి. పొద్దున్నే కూలికి వెళ్ళే ఆడమనిషికి కాయలు కొట్టి, నీళ్ళు కాచి, వడకట్టే తీరిక లేదు. షాంపూ ఆమెకు గంట సమయం మిగిల్చింది. దాన్ని తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు. చిక్ తయారుచేసే కంపెనీయే మీరా పేరుతో సీకాయ పొడిని కూడా అమ్మడం చూస్తే పాత అలవాటు ఎంత బలంగా ఉందో తెలుస్తుంది.

వస్తువుల ఎంపిక

ఎంపిక నీళ్ళతో మొదలుపెట్టాలి. గాజు సీసాలో ఇంటి నీళ్ళు సగం పోసి, మామూలు సబ్బు తురుము కొద్దిగా వేసి గిలకరిస్తే చాలు. నురుగు రాకుండా పాలలాంటి మడ్డి తేలితే అవి చవిటినీళ్ళు. అలాంటి చోట తలకు ఒంటిసబ్బు వాడకూడదు. షాంపూ, కుంకుడు, సీకాయల్లో ఏదైనా వాడి, చివరి చెంబు కాచిన మంచినీళ్ళో వాననీళ్ళో పోసుకుంటే జుట్టు మెత్తగా ఉంటుంది.

కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి కడిగేటప్పుడు పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుందని 2003లో రేలే, మోహిలే ప్రచురించిన పరిశోధన తేల్చింది. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయలేదు. అయితే ఏ నూనె కూడా కొత్త వెంట్రుకలను మొలిపించదు. చుండ్రుకు మలసీజియా అనే ఈస్ట్ ముఖ్య కారణం, అది కొవ్వును తిని పెరుగుతుంది. చుండ్రు ఉన్నప్పుడు నూనె ఎక్కువ పెడితే మేలుకన్నా కీడే ఎక్కువ. కీటోకొనజోల్ ఉన్న షాంపూ డాక్టరు సలహాతో వాడాలి.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది నమ్మకమే. కత్తి చర్మం పైన తగులుతుంది, కుదురు చర్మం లోపల ఉంటుంది. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. కాన్పు, డెంగీ వంటి జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా రాలినా చాలావరకు తిరిగి వస్తుంది. ఆ భయంలో ఉన్నవారికి ఖరీదైన నూనెలు అంటగట్టడం అన్యాయం.

జుట్టుకు వేసే చాలా నల్ల రంగుల్లో పీపీడీ అనే పదార్థం ఉంటుంది. కొందరికి పడక ముఖం వాస్తుంది. వాడటానికి రెండు రోజుల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూసుకోవాలి. కడుపులోకి పోతే ప్రాణాంతకం కనుక పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. పొట్లంమీద హెర్బల్ అన్న అక్షరాలు చూసి సరిపెట్టుకోకుండా వెనకవైపు పదార్థాల జాబితా, లైసెన్సు నంబరు, గడువు తేదీ చదవాలి.

నేటి స్థితి

ఇప్పుడు చాలా ఇళ్ళలో మామూలు రోజుల్లో షాంపూ, పండగపూట కుంకుడు. కొబ్బరినూనె చిన్న సీసా వంటనూనా, తలనూనా అన్న పన్ను వివాదంలో, తలనూనె అని ముద్ర వేయకపోతే వంటనూనెగానే లెక్కించవచ్చని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్యాకెట్ల చెత్త మాత్రం తగ్గలేదు. పలుపొరల ప్లాస్టిక్‌ను మళ్ళీ వాడుకలోకి తేవడం కష్టం, వలస పక్షులు దిగే సరస్సు ఒడ్డున అది పేరుకోకూడదు. స్తోమత ఉన్నవారు సీసాలు కొనడం, పంచాయతీలు ఖాళీ ప్యాకెట్లను విడిగా సేకరించడం వెంటనే చేయగల పనులు. తీరంలోని ప్రతి పల్లెకూ కుళాయి మంచినీళ్ళు అందితే అక్కడి ఆడవాళ్ళ జుట్టుకు జరిగే మేలు అంగట్లో దొరికే ఏ సీసా కన్నా ఎక్కువ. ఆరోగ్యశాఖ, నీటిసరఫరా శాఖ తమ లెక్కల్లో దీన్ని కూడా చేర్చుకోవాలి.