వాచ్‌డాగ్ టైమౌట్ (నెట్‌వర్క్ కార్డు)

పంపమని ఇచ్చిన డేటా వెళ్లిందని నెట్‌వర్క్ కార్డు గడువులోగా కబురు చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్‌లో రాసుకునే ఫిర్యాదే వాచ్‌డాగ్ టైమౌట్. లినక్స్‌లో 'ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్' అనీ, ఫ్రీబీఎస్‌డీలో 'వాచ్‌డాగ్ టైమౌట్' అనీ కనిపిస్తుంది. గడువు సాధారణంగా 5 సెకన్లు. డ్రైవర్‌ను బట్టి ఇది మారుతుంది.

డ్రైవర్ ప్యాకెట్లను మెమరీలో ఒక రింగ్‌లో వరసగా పేరుస్తుంది. కార్డు వాటిని తనే చదువుకుని తీగ మీదికి పంపి, పనయిందని ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ అనే సంకేతం ఇస్తుంది. ఆ ఇంటరప్ట్ అందకపోయినా, కార్డు నిద్ర లేవకపోయినా రింగ్ నిండిపోతుంది. లినక్స్‌లోనైతే కెర్నెల్, అంటే సిస్టమ్ మూలభాగం, అప్పుడు డ్రైవర్‌ను పిలుస్తుంది, డ్రైవర్ కార్డును రీసెట్ చేస్తుంది. నెట్ కాసేపు ఆగి మళ్లీ రావడం అందుకే.

అందరూ మొదట తిట్టేది డ్రైవర్‌నే, కానీ తప్పు ఎప్పుడూ దానిదే కాదు. కేబుల్ పూర్తిగా ఊడితే మాత్రం లినక్స్‌లో ఈ సందేశం రాదు, 'లింక్ డౌన్' అని వస్తుంది. లింక్ ఉండి కూడా డేటా కదలకపోవడమే ఇక్కడి చిక్కు. అవతలి స్విచ్ ఆగమంటూ పాజ్ ఫ్రేములు ఎడతెగకుండా పంపినా ఇదే జరగొచ్చు. అప్పుడు తప్పు ఈ యంత్రంలో లేనట్టే!

పల్నాడు జిల్లాలో ఇంకొకటి, వేడిని కూడా చూసుకోవాలి. ఎండకు పేరుమోసిన రెంటచింతల వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలాడని గదిలో, దుమ్ము పట్టిన కంప్యూటర్ డబ్బా లోపల వేడి అంతకన్నా ఎక్కువ. మాచర్లలోనో గురజాలలోనో ఓ దుకాణంలో మధ్యాహ్నాలు మాత్రమే నెట్ ఆగుతోందంటే, కెర్నెల్ మార్చే ముందు మూత తీసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటం మేలు.

లినక్స్‌లో ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైలు, ఫ్రీబీఎస్‌డీలో వీఎంస్టాట్ ఇంటరప్టుల లెక్క చెబుతాయి. డేటా పంపుతున్నా కార్డు లెక్క పెరగకపోతే ఇంటరప్ట్‌ను సందేశంగా పంపే ఎంఎస్‌ఐ పద్ధతిని ఆపి పాత పద్ధతిలో ప్రయత్నిస్తారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ విద్యుత్ పొదుపు, అంటే ఏఎస్‌పీఎం, పాత నేరస్థుడు. ఇంటెల్ 82573 చిప్‌తో దీనికి పడకపోవడంతో లినక్స్ డ్రైవరే దాన్ని కొంతమేర ఆపేస్తుంది. పెద్ద డేటాను ముక్కలు చేసే పనిని కార్డుకు అప్పగించే టీఎస్‌ఓను లినక్స్‌లో ఈథ్‌టూల్‌తో, ఫ్రీబీఎస్‌డీలో ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో ఆపి చూడొచ్చు. ఇవన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

రియల్‌టెక్ కార్డులకు ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో తయారీదారు డ్రైవర్ విడిగా ఉంది. సిస్టమ్‌తో వచ్చే డ్రైవర్ మొరాయిస్తే చాలామంది దానికే మారతారు.