ఎబెనెజరు

ఎబెనెజరు హీబ్రూ భాష నుండి వచ్చిన ఒక పురుష నామము. దీని అర్థం "సహాయపు రాయి". బైబిలు పాత నిబంధనలోని సమూయేలు మొదటి గ్రంథంలో ఇది ఒక స్థలానికి, అక్కడ నిలిపిన స్మారక శిలకు పేరు. అది ఏ మనిషి పేరూ కాదు. 17వ శతాబ్దం నుండి ఇంగ్లండు, స్కాట్లండు, ఉత్తర అమెరికాలలోని ప్రొటెస్టంటు కుటుంబాలవారు దీనిని మగపిల్లలకు పెట్టసాగారు. నేడు పాశ్చాత్య దేశాలలో ఈ పేరు అరుదు. పశ్చిమ ఆఫ్రికాలోను, దక్షిణ భారతదేశపు క్రైస్తవులలోను ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది.

వ్యుత్పత్తి

హీబ్రూలో "ఎవెన్" అంటే రాయి, "ఏజెర్" అంటే సహాయం. ఈ రెండింటి నడుమ "హ" అనే నిర్దేశక ప్రత్యయం చేరి "ఎవెన్ హాఏజెర్" అవుతుంది. హీబ్రూ లిపిలోని "బేత్" అనే అక్షరం అచ్చు తరువాత వచ్చినప్పుడు "వ"గా పలుకుతుంది. అందువలన హీబ్రూలో "ఎవెన్" అని వినిపించే మాట ఇతర భాషలలో "ఎబెన్" అయింది. నడుమనున్న "హ" కూడా జారిపోయింది.

క్రీస్తు పూర్వపు గ్రీకు అనువాదంలో ఈ పేరు "అబెనెజెర్" అని ఉంది. జెరోము లాటిను అనువాదంలో మాత్రం పేరును అలాగే ఉంచక, దాని అర్థాన్నే లాటినులో చెప్పాడు. కాబట్టి లాటిను బైబిలుపై ఆధారపడిన మధ్యయుగ ఐరోపాకు ఈ శబ్దం పెద్దగా పరిచయం కాలేదు. మత సంస్కరణ కాలంలో పాత నిబంధనను నేరుగా హీబ్రూ నుండి అనువదించినప్పుడు ఈ పేరు మళ్ళీ వెలుగులోకి వచ్చింది.

తెలుగు అజంత భాష. హల్లుతో ముగిసే పరభాషా పదాలకు చివర ఉకారం చేరడం దీని స్వభావం. దావీదు, యోసేపు, సమూయేలు అనే పేర్ల వలెనే ఇది కూడా తెలుగు బైబిలులో "ఎబెనెజరు"గా స్థిరపడింది.

హీబ్రూలో "బెన్" అంటే కుమారుడు. బెన్యామీను అనే పేరులో ఉన్నది ఆ మాటే. ఎబెనెజరులోని "ఎబెన్"కు దానితో సంబంధం లేదు. కాబట్టి ఈ పేరుకు "సహాయపుత్రుడు" అని అర్థం చెప్పడం సరికాదు.

ఒకే ధాతువు నుండి పుట్టిన పేర్లు

సహాయాన్ని తెలిపే ఇదే ధాతువు మరికొన్ని హీబ్రూ పేర్లలోను ఉంది.

* ఎజ్రా - సహాయం
* అజర్యా - యెహోవా సహాయం చేశాడు
* ఎలియాజరు - దేవుడు సహాయం చేశాడు
* ఎలీయెజెరు - నా దేవుడు సహాయం
* లాజరు - ఎలియాజరు అనే పేరుకు గ్రీకు ద్వారా వచ్చిన సంక్షిప్త రూపం

అనగా, తెలుగువారికి ఎంతో పరిచితమైన లాజరు, అంతగా పరిచయం లేని ఎబెనెజరు ఒకే మూలం నుండి వచ్చిన పేర్లు.

బైబిలు కథనం

సమూయేలు మొదటి గ్రంథంలో ఈ పేరు మూడు చోట్ల వస్తుంది (4:1, 5:1, 7:12). మొదటి రెండు చోట్ల అది ఓటమితో ముడిపడి ఉంది. ఇశ్రాయేలీయులు ఎబెనెజరు వద్ద, ఫిలిష్తీయులు ఆఫెకు వద్ద దిగి యుద్ధం చేశారు. తొలి పోరులో ఇశ్రాయేలీయులలో సుమారు 4,000 మంది చనిపోయారు. అప్పుడు వారు షిలోహులో ఉన్న దేవుని మందసాన్ని యుద్ధరంగానికి తెప్పించారు. అది ఉంటే గెలుపు తమదేనని వారు నమ్మారు. కాని రెండవ పోరులో 30,000 మంది కూలారు, మందసం శత్రువుల చేత చిక్కింది. యాజకుడైన ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు ఇద్దరూ హతులయ్యారు. ఆ వార్త విని, 98 ఏండ్ల ఏలీ పీఠం మీదినుండి వెనుకకు పడి మరణించాడు. ఫీనెహాసు భార్య ఆ దుఃఖంలోనే ప్రసవించి, బిడ్డకు "ఈకాబోదు" అని పేరు పెట్టి కన్ను మూసింది. ప్రభావం పోయిందని ఆ పేరు సూచిస్తుంది. ఫిలిష్తీయులు మందసాన్ని ఎబెనెజరు నుండి అష్డోదుకు తీసుకుపోయారు.

మూడవ ప్రస్తావన అనేక ఏండ్ల తరువాతి సంఘటనకు సంబంధించినది. మిస్పాలో ప్రజలు ఉపవాసముండి ప్రార్థిస్తున్నప్పుడు ఫిలిష్తీయులు మళ్ళీ దండెత్తి వచ్చారు. ఈసారి వారు ఓడిపోయారు. అప్పుడు సమూయేలు ప్రవక్త మిస్పాకు, షేనుకు మధ్య ఒక రాయిని నిలిపి, ఇంతవరకు దేవుడు తమకు తోడ్పడ్డాడని చెప్పి, దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు.

కథనంలో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. రాయికి పేరు పెట్టిన సందర్భం ఏడవ అధ్యాయంలో వస్తే, ఆ పేరు నాలుగవ అధ్యాయంలోనే కనిపిస్తుంది. తరువాత వచ్చిన పేరునే గ్రంథకర్త ముందుగా వాడి ఉంటాడని కొందరు, ఇవి రెండు వేర్వేరు స్థలాలని మరికొందరు వివరిస్తారు. ఏది ఏమైనా, ఘోర పరాజయాన్ని గుర్తుచేసే పేరే చివరకు కృతజ్ఞతను తెలిపే పేరుగా మారింది. "ఇంతవరకు" అనే మాటలో ఆ పాత దెబ్బల జ్ఞాపకం కూడా ఇమిడి ఉంది.

స్థల నిర్ణయం

ఆఫెకును నేటి ఇస్రాయేలులో యార్కోన్ నది పుట్టుక వద్ద గల రాస్ అల్ ఐన్ దిబ్బగా గుర్తించారు. దానికి తూర్పున సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇజ్బెత్ సర్తా అనే చోటే మొదటి ఎబెనెజరు కావచ్చునని పలువురు పురాతత్త్వవేత్తల అభిప్రాయం. ఇక్కడ మోషే కోఖావి, ఇస్రాయేల్ ఫింకెల్‌స్టయిన్ 1976-78 మధ్య తవ్వకాలు జరిపారు. 1976లో ఇక్కడ అయిదు పంక్తుల రాత ఉన్న కుండపెంకు ఒకటి దొరికింది. అందులో చివరి పంక్తి అక్షరమాల. లిపి చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది.

మిస్పాను యెరూషలేముకు ఉత్తరాన ఉన్న తెల్ ఎన్-నస్బెగా చాలామంది భావిస్తారు. ఇది ఆఫెకుకు 30 కిలోమీటర్లకు పైగా దూరంలో, కొండ ప్రాంతంలో ఉంది. రెండు ఎబెనెజరులు వేర్వేరు అనేవారికి ఈ దూరం ముఖ్యమైన ఆధారం.

యూదుల వాడుక

మాట హీబ్రూదే అయినా యూదులు సాధారణంగా దీనిని మనుషులకు పెట్టరు. వారి సంప్రదాయంలో "ఎవెన్ హాఏజెర్" అంటే ధర్మశాస్త్ర గ్రంథ భాగం. 14వ శతాబ్దంలో యాకోబ్ బెన్ ఆషెర్ రచించిన ధర్మశాస్త్రంలోను, యోసేఫ్ కారో రచించి 1565లో వెనిస్‌లో ముద్రించబడిన "షుల్హాన్ ఆరూఖ్"లోను మూడవ భాగానికి ఇదే పేరు. అందులోని విషయం వివాహం, విడాకులు, కుటుంబ ధర్మాలు. ఆదికాండంలో స్త్రీని పురుషునికి "ఏజెర్", అనగా సహాయంగా చెప్పిన మాటను ఈ పేరు స్ఫురింపజేస్తుంది.

వ్యక్తి నామంగా

ఇంగ్లండులోని ప్యూరిటన్లు కేథలిక్ సెయింట్ల పేర్లను వదలి పాత నిబంధన పేర్లను వెదికి పెట్టుకున్నారు. అర్థం నచ్చితే చాలు, అది స్థలం పేరైనా, రాయి పేరైనా వారికి అభ్యంతరం లేదు. ఎబెనెజరు ఆ విధంగా మనిషి పేరయింది. వారితో పాటు అట్లాంటిక్ దాటి న్యూ ఇంగ్లండు చేరి, 18వ శతాబ్దంలో అక్కడ సాధారణమైన పేరుగా వ్యాపించింది. 19వ శతాబ్దంలో దీని వాడుక తగ్గుతూ వచ్చింది. మిషనరీల కాలంలో ఇది ఘనా, నైజీరియా మొదలైన దేశాలకు చేరింది. "ఎబెన్" దీని పొట్టి రూపం. స్వతంత్ర నామంగా కూడా వాడతారు.

సాహిత్యంలో

ఈ పేరు కీర్తికి, అపకీర్తికి కూడా చార్లెస్ డికెన్స్ కారకుడు. 1843 డిసెంబరులో వెలువడిన "ఎ క్రిస్మస్ కరోల్" కథానాయకుడు ఎబెనెజర్ స్క్రూజ్ పరమ లోభి. ఆ పుస్తకం ఎంతగా ప్రచారం పొందిందంటే ఇంగ్లీషులో "స్క్రూజ్" అనే మాట పిసినారికి పర్యాయపదమైంది. 1886లో ఆర్. ఎల్. స్టీవెన్‌సన్ రచించిన "కిడ్నాప్డ్" నవలలోని పిసినారి పినతండ్రి పేరు కూడా ఎబెనెజరే. దీనితో ఇంగ్లీషు పాఠకులకు ఈ పేరు వినగానే డబ్బు లెక్కపెట్టుకొనే ముసలివాడు గుర్తుకు రావడం మొదలయింది. కాని డికెన్స్ కథ చివరకు స్క్రూజ్ మారి, తన గుమాస్తా కుటుంబాన్ని ఆదుకుంటాడు. రాతి గుండె సహాయపు రాయి అవుతుంది. పేరులోని అర్థం తెలిసిన పాఠకునికి ఆ మార్పు మరింత సార్థకంగా తోస్తుంది.

రాబర్ట్ రాబిన్‌సన్ 1758లో రచించిన ప్రసిద్ధ ఇంగ్లీషు కీర్తన ఒకదానిలో ఈ పేరు వస్తుంది. నేటివారికి అర్థం కాదన్న కారణంతో కొన్ని ఆధునిక కీర్తనల పుస్తకాలలో ఆ మాటను మార్చి ముద్రించారు.

స్థలాలు, ఆలయాలు

* జార్జియా (అమెరికా): ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుండి వెలివేయబడిన లూథరన్లు 1734లో తాము స్థాపించుకొన్న ఊరికి ఎబెనెజర్ అని పేరు పెట్టారు.
* అట్లాంటా: 1886లో స్థాపితమైన ఎబెనెజర్ బాప్టిస్టు చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ 1960 నుండి 1968లో హత్యకు గురయ్యేవరకు తండ్రితో కలిసి పాదిరిగా పనిచేశారు.
* వేల్స్: అనేక ప్రార్థనా మందిరాలకు ఈ పేరుంది. నేటి డేనియోలెన్ గ్రామాన్ని పూర్వం అక్కడి మందిరం పేరుతో ఎబెనెజర్ అనే పిలిచేవారు.

బెల్జియంలోని ఎబెన్-ఎమాయెల్ కోటకు ఈ పేరుతో సంబంధం లేదు. అది అక్కడి గ్రామాల పేర్ల నుండి వచ్చింది.

తెలుగువారిలో

బైబిలు తెలుగు అనువాదంతో పాటు ఈ పేరు తెలుగునాట ప్రవేశించింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలోని క్రైస్తవ కుటుంబాలలో మగపిల్లలకు ఈ పేరు పెట్టుకొనేవారు ఉన్నారు. ప్రార్థనా మందిరాలకు, ఇండ్లకు, దుకాణాలకు కూడా ఈ పేరు పెట్టడం కనిపిస్తుంది. ఏడాది చివరి రాత్రి జరిగే ఆరాధనలలో గడచిన కాలానికి కృతజ్ఞత తెలుపుతూ సమూయేలు నిలిపిన రాయిని తలచుకోవడం పరిపాటి.

వ్రాతలో ఎబెనెజరు, ఎబినేజరు, ఎబినేజర్, ఎబెనేజర్ వంటి రూపాలు ఉన్నాయి. తెలుగు బైబిలు రూపాన్ని కొందరు, ఇంగ్లీషు ఉచ్చారణను కొందరు అనుసరించడం ఇందుకు కారణం. ఇవన్నీ ఒకే పేరు. అయితే బడిలో చేర్చినప్పుడు వ్రాయించిన రూపమే తరువాతి ధ్రువపత్రాలన్నిటిలోను ఉండేలా చూసుకోవడం మంచిది.

ఈ పేరు గల ప్రముఖులు

* ఎబెనెజర్ అర్‌స్కిన్ (1680-1754) - స్కాట్లండు మతబోధకుడు. 1733లో అక్కడి జాతీయ చర్చి నుండి విడివడిన వర్గానికి నాయకుడు
* ఎబెనెజర్ ఎలియట్ (1781-1849) - ధాన్యపు చట్టాలకు వ్యతిరేకంగా పేదల పక్షాన వ్రాసిన ఇంగ్లీషు కవి
* ఎబెనెజర్ కాబమ్ బ్రూవర్ (1810-1897) - పదబంధాలు, పురాకథల నిఘంటువు కూర్పరి
* ఎబెనెజర్ హోవర్డ్ (1850-1928) - ఉద్యాన నగర ఉద్యమ ప్రవక్త. ఈయన ఆలోచనల ప్రకారం ఇంగ్లండులో 1903లో లెచ్‌వర్త్, 1920లో వెల్విన్ నగరాల నిర్మాణం మొదలయింది
* ఎబెనెజర్ అకో-అజెయి (1916-2002) - ఘనా స్వాతంత్ర్య పోరాట నాయకులైన ఆరుగురిలో ఒకరు
* ఎబెనెజర్ ఓబే (జననం 1942) - నైజీరియా జూజూ సంగీతకారుడు