మధ్యలో ముక్కలు తీసేసిన సినిమా

సర్వీసులో ఉండగా, 1970వ దశకంలో ఒక ఫిల్మ్ సొసైటీ వారు వేసిన ఫ్రెంచి చిత్రం ‘బ్రెత్‌లెస్’ చూశాను. కారులో కూర్చున్న అమ్మాయి తల అలాగే ఉంటుంది, వెనకాల వీధి మాత్రం ఠక్కున మారిపోతుంది. ప్రింటు అరిగిపోతే ఆపరేటరు కత్తిరించి అతికించాడనుకున్నాను. అది దర్శకుడి పనేనని తరువాత తెలిసింది.

కథ చిన్నదే. కార్లు దొంగిలించే మిషెల్ ఒక పోలీసును కాల్చి పారిస్ చేరతాడు. వీధిలో ఇంగ్లీషు పత్రిక అమ్మే అమెరికన్ పిల్ల పెట్రీషియాను ఇటలీ పారిపోదాం రమ్మని వెంటపడతాడు. చివరికి ఆమే పోలీసులకు ఫోను చేస్తుంది. పట్టించగలిగింది కనుక తనకు అతనిపై ప్రేమ లేనట్టేనని ఆమె వాదన! ఆ వాదన నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

దర్శకుడు జాన్ లుక్ గొదార్. అంతకుముందు సినిమా విమర్శలు రాసేవాడు. ఇది అతని మొదటి పూర్తి నిడివి కథాచిత్రం. కథ మిత్రుడు త్రూఫో ఇచ్చాడు. 1959 వేసవిలో చిత్రీకరణ. డబ్బు తక్కువ. కెమెరామన్ కుతార్ ఇండోచైనా యుద్ధంలో ఫొటోలు తీసి వచ్చినవాడు. కెమెరా నడపడానికి పట్టాలు లేకపోతే చక్రాల కుర్చీలో కూర్చుని తీశాడు. షాంజెలిజే వీధిలో తపాలా బండిలో దాక్కుని తీశాడు. దారిన పోయేవారికి తాము సినిమాలో ఉన్నామనే తెలియదు.

తీరా చూస్తే చిత్రం నిడివి మించిపోయింది. గంటన్నరకు దించాలి. పది పేజీల నోటు కుదించమంటే మన సెక్షన్‌లో ఏం చేసేవాళ్లం? అక్కర్లేని పేరాలు కొట్టేసేవాళ్లం. గొదార్ సన్నివేశాలను ఉంచి, వాటి మధ్యలోంచి ముక్కలు తీసేశాడు. 1960లో విడుదలైతే జనం ఎగబడి చూశారు. బెర్లిన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతీ వచ్చింది.

అమెరికాలో ‘బానీ అండ్ క్లైడ్’ రచయితలు తమ కథను ముందు త్రూఫో, గొదార్‌ల దగ్గరికే పంపారు. చివరికి ఆర్థర్ పెన్ 1967లో తీశాడు. 1983లో అమెరికన్లు ‘బ్రెత్‌లెస్’నే మళ్లీ రంగుల్లో తీశారు. ఈసారి అబ్బాయి అమెరికన్, అమ్మాయి ఫ్రెంచి. గొదార్ 2022లో పోయాడు. ఈ చిత్రం తీసిన వైనం మీదే 2025లో లింక్‌లేటర్ ఇంకో చిత్రం తీశాడు.

మొన్న మా మనవడికి ఆ కారు సీను చూపించాను. ఫోనులో మాట మధ్యలో ముక్కలు ఎగిరిపోయే వీడియోలే వాడు రోజూ చూసేది.

“ఇందులో కొత్తేముంది తాతయ్యా?” అన్నాడు.