మన రక్తంలో ఉన్న చరిత్ర

మన గూడేల్లో ఒకప్పుడు బిడ్డ కీళ్ల నొప్పులతో అల్లాడుతూ, కళ్లు పచ్చబడి, ఎదుగుదల లేకుండా ఉంటే ఎవరో చేతబడి చేశారనేవాళ్లం. లేదంటే తప్పు కోడలిదనేవాళ్లం. ఈ రెండో మాటకు ఎన్ని కాపురాలు నలిగాయో మనకు తెలుసు.

ఆ జబ్బు సికిల్ సెల్. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన ఒక యువకుడి రక్తంలో కొడవలిలా వంగిన ఎర్రకణాలు ఉన్నాయని ప్రకటించారు. సికిల్ అంటే కొడవలే. అది తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు ఎలా దిగుతుందో 1949లో జేమ్స్ నీల్ వివరించారు. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల రక్తంలో ఈ లక్షణం బయటపడింది.

నీల్ చెప్పిన లెక్క కష్టమైనదేమీ కాదు. ఈ జబ్బుకు సంబంధించిన జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. రెండింటిలో ఒకటి మంచిదైతే చాలు, మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. మన పాఠ్యపుస్తకాల్లో బహిర్గతం, అంతర్గతం అని చదివింది ఇదే. సికిల్ జన్యువు ఒక్కటే ఉన్నవారు వాహకులు, రోగులు కారు. రెండూ సికిల్‌వే అయితేనే సికిల్ సెల్ రక్తహీనత. అంటే బిడ్డకు ఆ జబ్బు వచ్చిందంటే నాన్న వైపు నుంచీ ఒకటి వచ్చినట్టే. మరి కోడలొక్కతే దోషి ఎలా అయింది?

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకమయ్యే అవకాశం 50 శాతం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక తర్వాతి ముగ్గురికీ రాదులే అనుకునేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. అది పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంత బాధపెట్టే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? దానికి జవాబు 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశీలనల్లో దొరికింది. వాహకులకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. దోమలున్న అడవుల్లో బతికిన మన పెద్దలకు అది కాపుగా ఉండి ఉంటుంది. కనుక ఇది మచ్చ కాదు, శాపమూ కాదు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. పరీక్ష చేయించుకున్నవారికి కార్డులిస్తున్నారు. మేనరికాల్లో ఒకే తాత నుంచి ఒకే జన్యువు ఇద్దరికీ దిగి ఉండవచ్చు. అందుకే సంబంధం ఖాయం చేసుకునే ముందే రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం. ఒకరు వాహకులైనా, రెండోవారి జన్యువులు రెండూ మంచివైతే ఆ ఇంట పుట్టే ఏ బిడ్డకూ ఈ జబ్బు రాదు.