కడప లైసెన్స్ బెంగళూరులో చెల్లుతుందా? వేరే రాష్ట్రంలో ఉండేవాళ్లు తెలుసుకోవాల్సినవి

చదువు కోసమో, ఉద్యోగం కోసమో ఊరు వదిలి బెంగళూరు, చెన్నై, పుణె వెళ్లిన పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. 2014 నుంచి కడప, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ కూడా వేరే రాష్ట్రమే. ఊళ్లో తీసుకున్న లైసెన్స్‌తో అక్కడ బండి నడపొచ్చా అని అమ్మీ, అబ్బాలకు ఒకటే దిగులు.

దేశమంతా చెల్లుతుంది

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 13 ప్రకారం ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్స్ అయినా దేశమంతా చెల్లుతుంది. లెర్నర్ లైసెన్స్‌కూ ఇదే వర్తిస్తుంది. కార్డు చేతిలో లేకపోయినా డిజీలాకర్ లేదా ఎం-పరివాహన్ యాప్‌లో చూపిస్తే సరిపోతుంది.

రెండోది తీసుకోవద్దు

కొత్త ఊరి అడ్రస్‌తో ఇంకో లైసెన్స్ ఇప్పిస్తామని ఏజెంట్లు చెబితే నమ్మొద్దు. సెక్షన్ 6 ప్రకారం ఒక మనిషికి ఒకే లైసెన్స్ ఉండాలి. అక్కడే స్థిరపడితే, ఉన్న లైసెన్స్‌లోనే అడ్రస్ మార్పించుకోవాలి.

గడువు తేదీ చూసుకోండి

అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. 30 ఏళ్లలోపు తీసుకున్న మామూలు లైసెన్స్ 40 ఏళ్లు నిండేదాకా పనిచేస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు గడువు 5 ఏళ్లే. క్యాబ్, లారీ నడిపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెన్యువల్ కోసం సొంత ఊరికి పరుగెత్తాల్సిన పని లేదు. సెక్షన్ 15 ప్రకారం ఏ లైసెన్సింగ్ అధికారి అయినా రెన్యువల్ చేయొచ్చు. గడువుకు ఏడాది ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిచిందంటే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాల్సిందే. 40 దాటినవాళ్లు డాక్టర్ ఇచ్చే ఫారం 1-ఏ కూడా జతచేయాలి.

గడువు ముగిసిన లైసెన్స్‌తో నడపడమంటే లైసెన్స్ లేకుండా నడపడమే. కేంద్ర చట్టంలో దీనికి 5,000 రూపాయల జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ చిక్కే.

బండి సంగతి వేరు

లైసెన్స్ రూలు, బండి రూలు ఒకటి కావు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే బండికి అక్కడి నంబర్ తీసుకోవాలి (సెక్షన్ 47). అందుకు పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, కొత్త రాష్ట్రంలో ట్యాక్స్ కట్టాలి. బండి లోన్‌లో ఉంటే ఫైనాన్స్ కంపెనీ అనుమతి కూడా కావాలి.

తరచూ బదిలీలయ్యే ప్రభుత్వ, రక్షణ శాఖ ఉద్యోగులకు, 4 లేదా అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు 2021 నుంచి బీహెచ్ సిరీస్ నంబర్ ఉంది. అది తీసుకుంటే రాష్ట్రం మారినా నంబర్ మార్చక్కర్లేదు.

పిల్లలు ఊరికి వచ్చినప్పుడు లైసెన్స్ మీద గడువు తేదీ, బండి అక్కడికి తీసుకెళ్లి ఎన్ని నెలలైందీ ఒకసారి చూడండి. ఈ రెండూ సరిగ్గా ఉంటే దిగులు అక్కర్లేదు.