నోటు మీద లెంపీరా

ఒక దేశం తన ద్రవ్యానికి పెట్టుకునే పేరును కూడా సాహిత్య విద్యార్థి చదవవలసిందేనని నా అభిప్రాయం. మధ్య అమెరికానే తీసుకుందాం. కోస్టారికా ద్రవ్యం కోలోన్. అది స్పానిష్‌లో కొలంబస్ పేరు. పనామా బల్బోవా, నికరాగువా కోర్డోబా ఇద్దరూ స్పానిష్ దండయాత్రికులే. గ్వాటెమాల ఒక పక్షి పేరును ఎన్నుకుంది. హొండూరాస్ మాత్రం ఆ దండయాత్రికులను ఎదిరించి నేలకొరిగిన లెంపీరా పేరు పెట్టుకుంది.

లెంపీరా లెంకా జాతి నాయకుడు. 1530లలో సెర్కిన్ కొండకోటను ఆశ్రయించి, అనేక గ్రామాలవారిని కూడగట్టి, అలోన్సో ద కాసెరెస్ సేనలను నెలల తరబడి నిలువరించాడు. సంధి మాటల నెపంతో పిలిచి తుపాకితో కాల్చారని చరిత్రకారుడు హెరేరా రాశాడు. పోరులో తానే చంపి తల తెచ్చానని రొద్రీగో రూయిస్ అనే సైనికుడు ప్రభువులకు పెట్టుకున్న అర్జీ చాలాకాలం తర్వాత బయటపడింది. ఒకటి ద్రోహాన్ని చెబుతుంది, మరొకటి బహుమానం అడుగుతుంది. రెండూ విజేతల కలం నుండి వెలువడినవే. నోటు మీది ముఖం సైతం చిత్రకారుని ఊహే.

లెంపీరాను ద్రవ్యంగా నిర్ణయిస్తూ 1926లో చట్టం వచ్చింది. 1931లో అది చలామణిలోకి దిగింది. విలువ డాలరుకు రెండు. 1990 దాకా ఆ ముడి సడలలేదు. ఇంతకూ ఆ నోట్లను అచ్చువేయించినదెవరు? 1950లో కేంద్ర బ్యాంకు ఏర్పడేవరకు ప్రైవేటు బ్యాంకులే. వాటిలో అట్లాంటిడా బ్యాంకును 1913లో స్థాపించినవారు అరటిపళ్ల వ్యాపారులైన వక్కారో సోదరులు. పరాయి పెత్తనానికి తలవంచని వాని పేరు, పరాయి పెట్టుబడి నోటు మీద! 1954లో రెండు నెలలకు పైగా సమ్మె చేసిన వేలాది అరటితోట కార్మికులు అడిగిన కూలి కూడా ఆ లెంపీరాలలోనే.

పాలకవర్గాలు చనిపోయిన వీరుణ్ణి గౌరవించడానికి వెనుకాడవు. బతికున్న వారసులతోనే వారికి పేచీ. లెంకా భాషను ఈనాడు ఇంట్లో మాట్లాడుకునేవారు లేరు. తమ గ్వాల్‌కార్కె నది మీద ఆనకట్టను వ్యతిరేకించిన లెంకా నాయకురాలు బెర్తా కాసెరెస్‌ను 2016లో ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. అప్పటికి లెంపీరా బొమ్మ ఆ దేశంలో ప్రతివాని జేబులోనూ ఉంది.

వీరగాథలు రాసే మనం ఈ సంగతిని విస్మరించరాదు. పేరును కీర్తించడం తేలిక. ఆ పేరు ఎవరి చేతిలో చలామణి అవుతున్నదో అడగడమే రచయిత పని.