సభ పేరు, ఆడవాళ్ల పేరు

సంస్థకి మంచి పేరుంటే కార్యకర్తలు దాన్ని అంటిపెట్టుకుని ఉంటారంటారు. మగవాళ్ల విషయంలో ఇంతే చెబితే సరిపోతుందేమో. స్త్రీల సంస్థల దగ్గరికొచ్చేసరికి 'పేరు' అన్న మాట బరువే వేరు. గడప దాటితే పేరు పోతుందని ఆడవాళ్లని భయపెట్టిన సమాజం మనది. బయటికి రావాలంటే ఆ పేరుకి పూచీపడే సంస్థ ఒకటి ఉండాలి.

1937లో దుర్గాబాయి మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభని ఈ కోణంలోంచి చూడాలనిపిస్తుంది. పిల్లల బృందంతో చిన్నగా మొదలైన పని, చదువు ఆగిపోయిన స్త్రీలని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేసేదాకా ఎదిగింది. దుర్గాబాయి తానే ఎనిమిదేళ్లకి జరిగిన పెళ్లిని కాదనుకుని బయటికొచ్చిన మనిషి. లోకం దృష్టిలో అది మంచి పేరు తెచ్చే పని కాదు. ఉప్పు సత్యాగ్రహం, జైలు, ఖద్దరు ఆ లోటు పూడ్చాయి. (తన పెళ్లి గురించి తాను తీసుకున్న నిర్ణయానికి ఒక స్త్రీ జైలుకెళ్లి గౌరవం సంపాదించుకోవలసి రావడం ఎంత విడ్డూరం!) సభకి ఆ గౌరవమే పెట్టుబడి, కూతుర్ని పంపే తండ్రికి అదే హామీ. అలాంటి చోట చదువుకుని, అక్కడే పనిచేస్తూ ఉండిపోయిన స్త్రీ విధేయతలో కృతజ్ఞత ఎంత? వెళ్లడానికి ఇంకో గుమ్మం లేకపోవడం ఎంత? రెంటినీ కలిపి 'నిబద్ధత' అనేసి ఊరుకోవడం నాకు నచ్చదు.

అసలు పేరే లేనివాళ్లు ఉద్యమాలకి ఎందుకు కట్టుబడ్డారన్నది ఇంకా చిక్కు ప్రశ్న. దీనికి సభ కంటే వెనక్కి, దుర్గాబాయి చిన్ననాటి కాకినాడకి వెళ్లాలి. 1921లో గాంధీ వస్తున్నాడని తెలిసి, ఆయన దేవదాసీలతోనూ ఘోషా పాటించే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పన్నెండేళ్ల ఈ పిల్ల పట్టుబట్టింది. 5,000 రూపాయల నిధి ఇస్తేనే ఆయన సమయం దొరుకుతుందన్నారు స్థానిక నాయకులు. ఆ డబ్బు పోగుచెయ్యడానికి దేవదాసీలే ముందుకొచ్చారు. సమావేశంలో ఆడవాళ్లు ఒంటిమీది నగలు కూడా తీసిచ్చారు.

కాంగ్రెసుకీ గాంధీకీ ఉన్న పేరే వాళ్లని కదిలించిందని ఒప్పుకుందాం. అయితే ఆ పేరులో వాళ్లకి వాటా లేదు. 'మంచి కుటుంబాల' స్త్రీలకి ఉద్యమం గౌరవంగా బయటికి రాగల దారి అయింది. దేవదాసీలు అప్పటికే బయటున్నవాళ్లు. వాళ్లని నిలువనిచ్చే లోపలి చోటు అక్కడ కనిపించదు. అయినా ఇచ్చారు. పేరుకీ విధేయతకీ మనం వేసే లెక్క ఇక్కడ కుదరదు. ఆ ఒక్కరోజైనా తమని పౌరులుగా పలకరించారన్నదే వాళ్లకి చాలిందేమో.

1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేని నెహ్రూని దుర్గాబాయి ఆపేసిన కథ మనందరికీ తెలుసు. ఆ కథలో ఇద్దరికీ పేర్లున్నాయి. అంతకు రెండేళ్ల ముందు డబ్బు పోగుచేసినవాళ్లు మాత్రం మన కథనాల్లో ఇప్పటికీ వట్టి 'దేవదాసీలు'.